అవ్వ సంతకం చెల్లదా?

మా బడి ప్రోగ్రెస్ కార్డులో అడుగున ‘తల్లి/తండ్రి సంతకం’ అని ఒక గడి ఉంటుంది. మూడో తరగతి చదివే ఒక పిల్లవాడి కార్డు మీద ఆ గడిలో ఎప్పుడూ వాళ్ల అవ్వ వేలిముద్రే పడుతుంది. కూతురు చనిపోయాక మనవణ్ణి ఆమే సాకుతోంది. తండ్రి వేరే ఊళ్లో పనిచేస్తూ పండక్కో పబ్బానికో వచ్చిపోతుంటాడు. పిల్లవాడికి ఆటిజం ఉంది. ఆ సంగతి మొన్నమొన్నటి దాకా ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు.

పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. బడి గంట మోగితే చెవులు మూసుకుంటాడు. మనం అడిగిన ప్రశ్ననే తిరిగి మనకు అప్పజెబుతాడు. పెన్సిళ్లు వరసగా పేర్చుకుంటాడు, ఎవరైనా ఒకటి కదిపితే గంటసేపు ఏడుస్తాడు. ఇవన్నీ చూసి కూడా మేము ‘తల్లి లేని బిడ్డ, దిగులు పెట్టుకున్నాడు’ అనుకున్నాం. ఇరుగుపొరుగు వాళ్లు ‘అవ్వ గారాబం’ అన్నారు. రెండూ తప్పే. ఆటిజం అనేది మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. దిగులు వల్లనో, గారాబం వల్లనో, పెంచేవాళ్ల లోపం వల్లనో అది రాదు. బంధువుల ఇంట పెరిగే పిల్లల విషయంలో ఇలాంటి సులువైన జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి, డాక్టరు దగ్గరికి వెళ్లడం ఆలస్యమవుతుంది. మా పొరపాటు వల్ల ఆ పిల్లవాడికి ఏడాదికి పైగా కాలం పోయింది.

ఆసుపత్రికి వెళ్లాక ఇంకో చిక్కు వచ్చింది. బిడ్డ ఎప్పుడు కూర్చున్నాడు, మొదటి మాట ఎప్పుడన్నాడు, కాన్పు కష్టమైందా అని డాక్టరు అడిగారు. ‘అవన్నీ నా కూతురికే తెలుసు’ అని అవ్వ కన్నీళ్లు పెట్టుకుంది. ఇలాంటి కుటుంబాలకు బడి సాయపడగల మొదటి చోటు ఇదే. టీకాల కార్డు, అంగన్‌వాడీలో రాసుకున్న వివరాలు, తల్లి ఫోనులో మిగిలిన పాత వీడియోలు వెతికి పెట్టమని ముందే చెప్పాలి. తరగతిలో చూసినవి తేదీలతో సహా ఒక పేజీ రాసి టీచరు సంతకం చేసి ఇవ్వాలి. పెంచుతున్న మనిషి చెప్పలేని సంగతులు కొన్ని ఆ కాగితం చెబుతుంది.

మూడో చిక్కు మన భాషాల్పసంఖ్యాకులది. మా హోసూరు ప్రాంతంలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బెంగళూరు ఆసుపత్రికి వెళ్తే కన్నడం, పాఠంలో ఇంగ్లీషు. స్పీచ్ థెరపీ దగ్గర ఎవరో ‘పిల్లవాడు తికమక పడతాడు, తెలుగు మానేయండి’ అన్నారట. అవ్వకు వచ్చింది తెలుగొక్కటే. ఆ మాట విన్నాక ఆమె మనవడితో మాట్లాడటమే తగ్గించేసింది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడుతుందని ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో తేలలేదు. పెంచేవాళ్లు తమకు బాగా వచ్చిన భాషలో ధారాళంగా మాట్లాడటమే పిల్లలకు మేలు. తల్లిని పోగొట్టుకున్న బిడ్డకు ఇంటి భాష కూడా లేకుండా చేయకూడదు. థెరపీలో నేర్పే మాటల పట్టికను తెలుగులో రాసి ఇమ్మని అడగవచ్చు. రాసి ఇవ్వలేకపోతే ఆ పని మన టీచర్లు చేయవచ్చు.

పరీక్షల్లో భాషల భారం మాట వేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడితో పాటు రెండో, మూడో భాషల నుంచి మినహాయింపును కూడా పేర్కొంది. ఏ రాష్ట్రంలో ఏ భాషకు ఈ వెసులుబాటు ఇస్తారో ప్రధానోపాధ్యాయులు విద్యాశాఖ నుంచి రాతపూర్వకంగా ముందే తెలుసుకోవాలి. పదో తరగతి దాకా ఆగితే ఆలస్యమవుతుంది.

‘మనది మైనారిటీ బడి, ఆ చట్టాలు మనకు వర్తించవు’ అనే మాట కొన్ని యాజమాన్యాల నోట వినిపిస్తుంది. విద్యాహక్కు చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ దివ్యాంగుల హక్కుల చట్టం వేరు. ప్రభుత్వ నిధులు గానీ గుర్తింపు గానీ ఉన్న విద్యాసంస్థలు దివ్యాంగ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలని దాని 16వ సెక్షన్ చెబుతోంది. గుర్తింపు పొందిన మన బడులు ఆ మాటను పక్కన పెట్టలేవు.

ఇక సంతకం సంగతి. వైకల్య ధ్రువపత్రం కోసం వెళ్తే ‘తండ్రిని తీసుకురా’ అని అవ్వను ఒక కార్యాలయం వెనక్కి పంపింది. అదే చట్టం ‘సంరక్షణ చేసేవారు’ అన్న మాటకు తల్లిదండ్రులనే కాక ఇతర కుటుంబ సభ్యులను కూడా చేర్చి నిర్వచనం ఇచ్చింది. అయితే తండ్రి ఉన్నప్పుడు సహజ సంరక్షకుడు ఆయనే అన్నదీ మరవకూడదు. కాబట్టి ‘ఈ బిడ్డ చదువు, వైద్యం మా అత్తగారు చూసుకుంటారు’ అని ఆయన చేత రాయించి, నోటరీ చేయించి పెట్టుకుంటే చాలాచోట్ల పని సులువవుతుంది. తగాదాలు ఉన్నా, తల్లిదండ్రులిద్దరూ లేకపోయినా 1890 నాటి సంరక్షకుల చట్టం కింద జిల్లా కోర్టును ఆశ్రయించవచ్చు.

ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు చేతికి వస్తే కొన్ని దారులు తెరుచుకుంటాయి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చులతో సహా, సాయం ఉంటుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద బ్లాక్ వనరుల కేంద్రంలో ప్రత్యేక టీచర్లు ఉంటారు. తల్లిదండ్రులిద్దరూ లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు ఆదాయ పరిమితికి లోబడి మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయానికి వీలుంది. దానికి జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని అడగాలి. సలహాకు బెంగళూరులో నిమ్హాన్స్, మైసూరులో వాక్, శ్రవణ సంస్థ, చెన్నై దగ్గర ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉన్నాయి. సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థకు వెళ్తే తెలుగులో మాట్లాడే నిపుణులు దొరుకుతారు.

ఇవన్నీ చెప్పాక అవ్వ అడిగింది ఒకటే: ‘నేను పోయినాక వీడెవరికి సార్?’ ఆమెకు అరవై దాటాయి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం జిల్లాలో కలెక్టరుతో కూడిన స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. ఆటిజం ఉన్నవారికి 18 ఏళ్లు నిండాక చట్టబద్ధ సంరక్షకుణ్ణి ఆ కమిటీ నియమిస్తుంది. బంధువులు కూడా దరఖాస్తు పెట్టవచ్చు. కమిటీ ఉత్తర్వు ఇవ్వగలదు గానీ మనిషిని తెచ్చివ్వలేదు. మేనమామో, పిన్నో, అన్నయ్యో ఎవరో ఒకరు ఇప్పటి నుంచే బిడ్డకు అలవాటు కావాలి. వారానికి ఒక పూట వచ్చి పిల్లవాణ్ణి చూసుకుంటే అవ్వకు విశ్రాంతి, రేపటి మనిషికి అనుభవం. ఈ మాట బంధువులతో అనడానికి ఆమె మొహమాటపడుతుంది. టీచరు పిలిచి చెబితే వింటారు.

బడులు చేయగలిగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఇలాంటి కుటుంబానికి ఒక టీచరును బాధ్యులుగా పెట్టాలి. ఆసుపత్రికి వెళ్లే రోజున కాగితాలు చదవగల తోడును పంపాలి. అదే ఊళ్లో ఆటిజం పిల్లలున్న ఇతర కుటుంబాలతో, వాళ్లు తమిళులైనా కన్నడిగులైనా, పరిచయం చేయాలి. నెలకొకసారి శనివారం సాయంత్రం ఒక తరగతి గది తెరిచి పెడితే వాళ్లే కూర్చుని మాట్లాడుకుంటారు. ‘అమ్మ ఏది, నాన్న ఏడీ’ అని అందరి ముందూ అడగటం మానాలి.

ఈ ఏడాది మా ప్రోగ్రెస్ కార్డు మళ్లీ అచ్చు వేయించాం. అడుగున ఇప్పుడు ‘పెంచుతున్నవారి సంతకం’ అని ఉంది. మీ బడి కార్డు కూడా ఒకసారి తీసి చూడండి.