అమీర్‌పేటలో లేని కోర్సు

అమీర్‌పేటలో దొరకని విద్య లేదని మనవాళ్ళకి గట్టి నమ్మకం. మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తితే ఆకాశం కనబడదు గానీ బోర్డులు కనబడతాయి. జావా, పైథాన్, శాప్, టెస్టింగ్, స్పోకెన్ ఇంగ్లీషు... నలభై అయిదు రోజుల్లో ఏదైనా వచ్చేస్తుందట! ఆ బోర్డుల కింద నడిచే కుర్రాళ్ళ గడ్డాలు ఒకసారి చూడండి. మెడంతా ఎర్రటి పొక్కులు, దవడ కింద గాట్లు. బతికినన్నాళ్ళూ చేసుకోవలసిన పని, అది మాత్రం ఎవరూ నేర్పలేదు.

"గడ్డం గీసుకోవడం మగవాళ్ళ గొడవ, మధ్యన నీకెందుకమ్మా?" అంటారని తెలుసు. ఎందుకా? ఆ అయిదు బ్లేడ్ల పెట్టె నెల సరుకుల చీటీలోకి ఎక్కేది మన చేతిమీదుగానే కనక. ఒకసారి బిల్లు తీసి, దాని పక్కన కందిపప్పు ధర కూడా చూడండి. ఇంకో కారణమూ ఉంది. పదును సంగతి ఇంట్లో మనకి తెలిసినంత మగవాళ్ళకి తెలియదు. కత్తిపీట మొద్దుబారితే ఏమవుతుంది? బలం పెట్టి నొక్కుతాం, కాయ జారుతుంది, వేలు తెగుతుంది. పదునున్న రోజున ఏ గొడవా ఉండదు. చెంపకైనా అంతే.

కత్తి నూరుకునే బాధ లేదని మగవాళ్ళకి నచ్చజెప్పి, నచ్చజెప్పిన ధైర్యానికి కోట్లు గడించిన పెద్దమనిషి అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్. 1903లో, అమ్మకం మొదలుపెట్టిన ఏడు, పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. ఆ తర్వాత ప్రపంచమంతా ఆయన వెంట పడింది. 1915లో బంగారు పూత రేజరొకటి చేసి ఆడవాళ్ళకీ అమ్మాడు. మనల్ని మాత్రం ఎందుకు వదులుతాడు లెండి. తర్వాత ఆ కంపెనీ 1971లో రెండు బ్లేడ్లు పెట్టింది, 1998లో మూడు, 2006లో అయిదు. సుఖం కోసమట! మొదటి బ్లేడు వెంట్రుకని లాగుతుంది, వెనకదింకా లోతుగా తెంపుతుంది. ఆ మొన చర్మం కిందికి పోయి, పెరిగేటప్పుడు లోపలే వంకర తిరిగి పొక్కవుతుంది. ఉంగరాల జుట్టువాళ్ళకి మరీనూ. గడ్డానికి ఒక్క అంచు చాలు. ఆ ఒక్కటీ బాగుండాలి.

అది బాగుండేలా చేసుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. ఉస్తరా ఉంది చూశారూ, మన హైదరాబాదు సెలూన్లలో ఉండే మడతకత్తి, దాని వీపు మందం, అంచు పల్చన. వీపూ అంచూ రెండూ ఒకేసారి ఆనేలా సానరాయి మీద పడుకోబెట్టాలి. ఎంత వాలులో పట్టాలో కొలవక్కరలేదు, ఆ వీపే చెబుతుంది. రాయి మీద నీళ్ళు చల్లి, పెనం మీద అట్టు కిందికి అట్లకాడ దూర్చినట్టు, అంచు ముందుగా తేలిగ్గా తోయాలి. చివరికి చేరాక వీపు మీద పొర్లించి వెనక్కి తేవాలి. అంచు మీద పొర్లిస్తే చేసిందంతా గంగపాలు. ముందు వెయ్యి నంబరు రాయి, తర్వాత నాలుగు వేలు, ఎనిమిది వేలు. పన్నెండు వేలది దొరికితే అదృష్టం. ఆపైన తోలుపట్టీ. ఇక్కడుంది తిరకాసు. రాయి మీద అంచు ముందు నడవాలి, తోలు మీద వీపు ముందు నడవాలి. తిరగేస్తే తోలూ తెగుతుంది, పదునూ పోతుంది. తోలు మీద ప్రతి గడ్డానికీ ముందు ఒక యాభై సార్లు రాయాలి. రాయి రెండు మూడు నెలలకోసారి చాలు. కొత్తవాళ్ళు చేసే పాపం నొక్కడం. కండబలమంతా రాయి మీద చూపిస్తారు. కత్తి బరువే చాలునర్రా! వీధిలో సైకిలు మీద చక్రం తిప్పుతూ వచ్చే సానవాడికి మాత్రం ఇవ్వకండి. మన కత్తెరలకి అతను దేవుడే, కాని ఆ చక్రం వేడికి ఉస్తరా అంచులో ఉక్కు మెత్తబడిపోతుంది.

ఇదంతా పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ వచ్చిన మనిషికి తెలుసు. రాయి లేకపోతే అరచేతి మీదే కత్తిని అటూ ఇటూ రాసేవాడు. "మంగలి పాత, చాకలి కొత్త" అని సామెత కట్టామంటే, పాత చేతి విలువ మనకి తెలియకనా? తెలిసీ ఏం చేశాం! పిల్లాడి పుట్టువెంట్రుకలకి అతను కావాలి, పెళ్ళిలో సన్నాయికి ఆ ఇంటివాళ్ళు కావాలి, చాలా ఊళ్ళలో కాన్పులకి ఆ ఇంటి ఆడవాళ్ళే కావలసివచ్చారు. తిట్టుకి కూడా ఆ కులం పేరే కావలసివచ్చింది! తిట్టుగా మారిన పనిని ఎవడు నేర్చుకుంటాడండీ? పంజగుట్టలో నలభై ఏళ్ళుగా కత్తి పట్టిన ఒక పెద్దాయన్ని అడిగాను, మీవాడికి నూరడం వచ్చా అని. "వద్దమ్మా, వాడు అమీర్‌పేటల కోర్సు చేస్తుండు" అన్నాడు. చెయ్యనివ్వండి, ఆ పిల్లాడు బాగుపడాలి. కాని ఆయన చేతిలో ఉన్నది కోర్సు కాదని తేల్చిందెవరు? 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం సెలూన్లకి నెలకి 250 యూనిట్ల కరెంటు ఉచితమంది. సంతోషమే. చేతికి మర్యాద ఇవ్వడానికి ప్రభుత్వం ఉత్తర్వు అక్కరలేదు కదా, అది మనమే ఇవ్వవచ్చు.

అంటురోగాల మాటేమిటంటారు. న్యాయమైన ప్రశ్న. హెపటైటిస్ బి, హెచ్ఐవి రక్తంతో అంటుకునే జబ్బులు; అందుకే సెలూన్లలో మనిషికో కొత్త సగం బ్లేడు వచ్చింది. అది అలాగే ఉండాలి. నేనంటున్నది ఇంటి మాట. ఒక మనిషికి ఒకే కత్తి. తండ్రీ కొడుకులైనా సరే, వేరువేరుగానే.

ఇక "ఆడవాళ్ళకేం తెలుసు కత్తి సంగతి" అనేవాళ్ళు తిరుమల కల్యాణకట్టకి వెళ్ళి చూడొచ్చు. అక్కడ ఆడవాళ్ళ తలనీలాలు తీసే ఆడవాళ్ళున్నారు.

వేసవి సెలవుల్లో అబ్బాయికి ఏ కోర్సు కట్టినా కట్టండి, ఒక సానరాయి కూడా కొనివ్వండి. మొదటిరోజే ఉస్తరా చేతికివ్వకండి. మన కూరల చాకు ఇవ్వండి, దానికి వీపు కాస్త ఎత్తి పట్టుకోమనండి. వారం తర్వాత బాగా పండిన టమాటా ఒకటి ముందు పెట్టి కొయ్యమనండి. తోలు నలగకుండా తెగిందా, అప్పుడు గడ్డం సంగతి మాట్లాడదాం.