ఎవరికీ చెప్పొద్దన్నాడు

మన కోస్తా ఊళ్ళలో పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. కాకినాడలోనో విశాఖలోనో ఓడెక్కి, బంగాళాఖాతం దాటి, రంగం రేవులో మూటలు మోసి, బియ్యం మిల్లుల్లో ఒళ్ళు వంచి, ఇంటికి నాలుగు డబ్బులు పంపిన తాతలు శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా ఎన్ని ఇళ్ళలో ఉన్నారో! 1931 జనాభా లెక్కల నాటికి ఆ నగరంలో సగానికి పైగా భారతీయులే. వాళ్ళలో మనవాళ్ళ వాటా చిన్నదేం కాదు. ఇప్పుడా ఊరు యాంగాన్, బర్మా దేశం మయన్మార్ అయ్యాయి. అక్కణ్ణించి తిరిగొచ్చినవాళ్ళు ఉన్న విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు మాత్రం ఇంకా ఆ దేశం పాత పేరుతోనే ఉంది.

అలా రంగం నుంచి తిరిగొచ్చిన కుటుంబంలోని పెద్దాయన ఒకరు మాకు తెలుసు. డెబ్బై దాటాయి. ఆమధ్య ఒకరోజు పొద్దున ఆయన గది తలుపు ఎంతకీ తెరుచుకోలేదు. మనవరాలు ఇడ్లీ ప్లేటుతో వెళ్ళి తలుపు తోసింది. తాతయ్య చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, మంచం అంచున నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నీళ్ళ చెంబుకి ఆనించిన ఫోను. అందులో ఖాకీ బట్టల మనిషి. మనవరాలు నోరు తెరిచేలోగా ఆయన నోటిమీద వేలు పెట్టుకుని, వద్దన్నట్టు తల ఊపాడు.

కోడలు వచ్చి చూసింది. కేకలేం వెయ్యలేదు. ఫోను కట్టేసి, పక్కన కూర్చుని, "కాఫీ చల్లారిపోయింది మావయ్యా, మళ్ళీ పెడతాను" అంది. ఆయనకి మాట పెగలడానికి చాలాసేపే పట్టింది.

"ఎవరికీ చెప్పొద్దన్నాడమ్మా" అన్నాడు.

మీ పేరున వచ్చిన పార్సిల్లో మత్తుమందు దొరికింది, కెమెరా ముందు నుంచి కదలొద్దు, బ్యాంకులో ఉన్న డబ్బు మేం చెప్పిన ఖాతాకి పంపండి, పరిశీలించి తిరిగిచ్చేస్తాం. ఇదీ వరస. దీనికి డిజిటల్ అరెస్టు అని పేరు పెట్టారు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేనేలేదని 2024 అక్టోబరులో ప్రధాని కూడా రేడియోలో చెప్పారు. పెద్దాయన రోజూ పేపరు చదివే మనిషే. అయినా కూర్చుండిపోయాడు.

ఎందుకో ఆయనే తర్వాత చెప్పాడు. 1964లో బర్మాలోని నె విన్ సైనిక ప్రభుత్వం రంగంలో దుకాణాలను స్వాధీనం చేసుకుంటున్నప్పుడు ఆయనకి పన్నెండేళ్ళు. యూనిఫాం వేసుకున్నవాళ్ళు వచ్చి, నాన్న కుర్చీలో కూర్చుని, లెక్కల పుస్తకం తెమ్మన్నారు. నాన్న గబగబా చొక్కా గుండీలు పెట్టుకుని చేతులు కట్టుకు నిలబడ్డాడు. ఆ మే నెలలోనే యాభై, వంద చాట్‌ల నోట్లు చెల్లవన్నారు. మిగిలిన సామాను మూటకట్టుకుని ఓడెక్కారు. అరవై ఏళ్ళ తర్వాత ఫోనులో ఖాకీ కనపడగానే ఈయన చెయ్యి దానంతటదే గుండీల మీదికి పోయింది.

ప్రతి పెద్ద ప్రాణం లోపలా ఇలాంటి మెత్తని చోటు ఒకటి ఉంటుంది. ఒకరికి పరువు. ఒకరికి "మీ అబ్బాయికి యాక్సిడెంట్ అయింది" అన్న మాట. మరొకరికి, రోజంతటిలో "తిన్నారా అమ్మా" అని అడిగిన ఒకే ఒక్క గొంతు. ఫోను చేసేవాడు చీకట్లో రాళ్ళు వేస్తూనే ఉంటాడు. ఏదో ఒకటి అక్కడ తగులుతుంది.

మరి ఆ సమయంలో వాళ్ళు మనల్ని ఎందుకు పిలవరు? "నీకు తెలీదు, ఊరుకో నాన్నా", "ఎన్నిసార్లు చెప్పాలమ్మా" అని మనం విసుక్కున్న మాటలు గుర్తొస్తాయేమో. మేమూ అన్నాం అలాంటివి, అమ్మ ఫోనులో నంబరు ఎలా దాచుకోవాలో మూడోసారి అడిగినప్పుడు. ఆవిడ మళ్ళీ అడగలేదు. నేర్చేసుకుందనే అనుకున్నాం.

ఇలాంటి ఫోన్లు కొన్ని మయన్మార్ నుంచే వస్తాయని కోడలు చెప్పింది. "రంగం నుంచా?" అన్నాడాయన ఉలిక్కిపడి. కాదు, దానికి దూరంగా, థాయ్‌లాండ్ సరిహద్దులో మ్యావడీ అనే ఊరి చుట్టుపక్కల. కంప్యూటర్ ఉద్యోగమని నమ్మి వెళ్ళిన కుర్రాళ్ళని అక్కడ బంధించి ఈ పని చేయిస్తారు. 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో అయిదు వందల మందికి పైగా తిరిగొచ్చారు, మన తెలుగువాళ్ళూ ఉన్నారు వాళ్ళలో. ఇలాంటి ఉద్యోగాలు నమ్మొద్దని యాంగాన్‌లోని మన రాయబార కార్యాలయం చెబుతూనే ఉంది. పొట్ట చేతపట్టుకుని తాతలు దిగిన దేశమే.

పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. "వాడి మాటలో మన యాస ఉందమ్మా. ఆ పిల్లాడు కూడా ఇంటికి ఫోను చేసుకోలేడేమో" అన్నాడు.

ఆ సాయంత్రం కోడలు క్యాలెండరు మీద లావు అక్షరాలతో 1930 అని రాసింది. సైబర్ మోసాలకి చెయ్యాల్సిన నంబరు అది. ఎంత త్వరగా చేస్తే అంతగా సొమ్ము ఆగే అవకాశం ఉంటుంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

"ఇది మర్చిపోనులే. మా నాన్న రంగం ఓడెక్కిన సంవత్సరం" అన్నాడు. పెన్ను తీసుకుని, దానికి పైన, కోడలి నంబరు రాసుకున్నాడు.