భాండారములు నాలుగు – ఆజ్ఞ ఒక్కటి

ఇంటికి తాళము వేసి ఊరికి పోవువారు వీధి తలుపును రెండుమార్లు లాగి చూతురు. పెరటి తలుపును మాత్రము మరచిపోదురు. కంప్యూటరు ముందు కూర్చుండి పనిచేయు విద్యార్థుల అలవాటును ఇట్టిదే. ఈ విషయమున మాకు కలిగిన అనుభవమును, దానివలన ఏర్పడిన అభిప్రాయమును సోదర విద్యార్థుల ముందుంచుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా పాఠశాల కంప్యూటరు గదిలో విద్యార్థులము పెంచుకొనుచున్న రిపాజిటరీలు, అనగా భాండారములు, నాలుగు గలవు. మొదటిది గణితపు లెక్కలు చేయు ప్రోగ్రాములది. రెండవది గ్రంథాలయ పుస్తకముల పట్టిక. మూడవది ఈ పత్రికకు వచ్చిన రచనలు. నాలుగవది మా ప్రాంతపు పెద్దలు పలుకు తెలుగు మాటల సంపుటి. ఈ చివరిది మాకు ప్రాణసమానము. ఇంట తెలుగును, వీధిలో కన్నడమును పలుకు మావంటివారి యిండ్లలో, నిఘంటువులందు మాకు కానరాని మాటలు కొన్ని అవ్వల నోట మాత్రమే మిగిలియున్నవి.

ఈ భాండారములన్నియు గిట్ అను సాధనముచే నడచుచున్నవి. లినక్స్ కెర్నల్ రచనకై లైనస్ టోర్వాల్డ్స్ 2005లో దీనిని నిర్మించెను. ఏ మార్పు ఎవరు, ఎప్పుడు, ఎందులకు చేసిరో ఇది పదిలపరచును. కాని ఇందు రెండు మెట్లున్నవి. కమిట్ చేసినచో మార్పు మన యంత్రమున మాత్రమే నిలుచును; పుష్ చేసిననే గాని దూరమందలి ప్రతికి చేరదు. గత వేసవి సెలవులకు ముందు మేము మూడు భాండారములను పుష్ చేసి, నాలుగవదానిని కమిట్ మాత్రము చేసి వెడలితిమి. సెలవులలో డిస్కు చెడెను. రెండు నెలల మాటల సేకరణ పోయెను. మరల అడిగి వ్రాసికొందమని బయలుదేరితిమి. చెప్పిన అవ్వలలో ఒకరు అప్పటికే లేరు.

లోపము యంత్రముది కాదు, మాది. నాలుగు ఫోల్డరులలోనికి వేరువేరుగ పోయి చూడవలసిన పనిని మేము జ్ఞాపకశక్తికి వదలితిమి. సెలవుల తొందరలో జ్ఞాపకమును నమ్మరాదు. ఆ పనిని ఆజ్ఞకు అప్పగింపవలెను.

కమాండ్ లైను నందు ఇది కష్టమేమియు కాదు. గిట్ అను పదము ప్రక్కన అడ్డగీతను, పెద్ద సీ అక్షరమును వ్రాసి ఫోల్డరు పేరిచ్చినచో, అందులోనికి పోకుండగనే అచటి స్థితి తెలియును. షెల్ నందు ఫర్, డూ, డన్ అను మాటలతో ఆవృత్తిని కల్పించినచో, ఒకే పంక్తి నాలుగు భాండారములను చుట్టివచ్చును. స్టేటస్ అను ఆజ్ఞకు షార్ట్, బ్రాంచ్ అను రెండు మాటలు చేర్చినచో, కమిట్ కాని ఫైళ్లను, పుష్ కాని కమిట్ల సంఖ్యను క్లుప్తముగ చూపును. ఆ పంక్తిని ఒక ఫైలులో వ్రాసి దాచుకొంటిమి. గది తలుపు మూయుటకు ముందు దానిని నడపుట నేడు మా నియమము.

"బొమ్మలు, బటనులు గల సాధనములుండగా ఈ నల్లని తెర యెందులకు?" అని కొందరడుగుదురు. నొక్కిన బటను మన వ్రేలితోడనే మరుగున పడును. వ్రాసిన పంక్తి తరువాతి తరగతివారికి చేరును. అదియే మా సమాధానము.

"నాలుగింటిని కలిపి ఒక్కటి చేసికొనరాదా?" అని మరికొందరు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. గూగుల్ సంస్థ తన ప్రోగ్రాములలో అధికభాగమును ఒకే మహాభాండారమున నుంచినది. 2015 జనవరి నాటికి దాని పరిమాణము 86 టెరాబైట్లని ఆ సంస్థ ఇంజనీర్లే 2016లో ప్రకటించిరి. కాని అదే సంస్థ ఆండ్రాయిడ్‌ను వందలకొలది గిట్ భాండారములుగ నడపుచు, అన్నింటిని ఒక్కసారి పలుకరించుటకై రిపో అను సాధనమును చేసికొన్నది. ఏ భాండారము ఎచటినుండి రావలెనో, అందే శాఖ కావలెనో మానిఫెస్ట్ అను పట్టికలో వ్రాసియుండును. రిపో సింక్ అనినంత ఆ పట్టిక ననుసరించి అన్నియు వచ్చును. కావున ఒక్కటియా, పెక్కులా యనునది పనిని బట్టి తేల్చవలసినది. గ్రంథాలయ పట్టికను దిద్దువారికి అవ్వల మాటలతో పనిలేదు. వారి పొరపాటు వీనిని తాకరాదు. మాకు వేరుగ నుండుటయే మేలు.

అయినను ఒక హెచ్చరిక. ఒక్క ఆజ్ఞతో అన్నింటిని చూడగల చేయి, ఒక్క ఆజ్ఞతో అన్నింటిని పాడుచేయనుగలదు. రీసెట్ ఆజ్ఞకు హార్డ్ అను మాట చేర్చి ఆవృత్తిలో నడపినచో, గిట్ లెక్కలోనున్న ఫైళ్లలో కమిట్ కాని మార్పులన్నియు నాలుగుచోట్లను క్షణములో తుడిచిపెట్టుకొనిపోవును. చూచుట అన్నింటిని కలిపి, మార్చుట దేనికది – ఇది మా సూత్రము.

తెలుగు మాధ్యమమున చదువు మనకు మరియొక చిక్కు గలదు. గిట్ సహజముగ తెలుగు ఫైలు పేర్లను అక్షరములుగ చూపక అంకెలుగ చూపును. "త" అను ఒక్క అక్షరమే 340, 260, 244 అను మూడు సంఖ్యలై కనబడును. తొమ్మిదవ తరగతి తమ్ముడొకడు ఫైలు చెడినదని తలచి తీసివేయబోయెను. కోర్ కోట్‌పాత్ అను అమరికను గ్లోబల్‌గ ఫాల్స్ అని మార్చినచో, మన భాండారములన్నింటను తెలుగు తెలుగుగనే కనబడును. కమిట్ సందేశములను సైతము మేము తెలుగులోనే వ్రాయుచున్నాము. ఆజ్ఞలు ఆంగ్లపదములే, కాని నిత్యము వాడునవి పది పన్నెండు మించవు. వానికి భయపడనక్కరలేదు.

తమ్ములారా, చెల్లెండ్రారా! మేము ఈ యేడు పదవ తరగతి ముగించి వెడలిపోవుచున్నాము. నాలుగు భాండారములను, ఆ ఒక్క పంక్తిని మీకప్పగించుచున్నాము. తలుపు మూయుటకు ముందు నాలుగింటిని చూడుడు. పోయిన మాటలను మేము తేలేకపోతిమి; ఉన్న మాటలను మీరు పోనీయకుడు.