మినీడిస్కులో ఇంటి మాటలు

రికార్డు చేసుకొనే మినీడిస్కుల తయారీని సోనీ సంస్థ 2025 ఫిబ్రవరితో ఆపివేసింది. 1992లో జపానులో మొదలైన ఒక చిన్న వస్తువు కథ అక్కడికి ముగిసింది. ఆ సందర్భంలో నా కంటబడిన రాతలన్నిటిలోనూ అది పాటలు వినే పరికరంగానే కనిపించింది. ఇది దానికి జరిగిన అన్యాయమని నా అభిప్రాయం. పాటలు వినడానికి దానికన్నా చవకైనవి ముందూ ఉన్నాయి, తరువాతా వచ్చాయి. ఇంట్లోనూ వీధిలోనూ రోజూ వినబడి గాలిలో కలిసిపోయే మాటలను పట్టి ఉంచడానికి మాత్రం అంత అనువైన యంత్రాన్ని నేను మళ్ళీ చూడలేదు.

మన వైపు దీనిని చూసినవారు తక్కువ కనుక రెండు ముక్కలు చెబుతాను. 64 మిల్లీమీటర్ల బిళ్ళ, దాని చుట్టూ ప్లాస్టిక్ డొప్ప. లేజరు కిరణం ఒకవైపు నుంచి బిళ్ళను క్షణకాలం వేడిచేస్తే, రెండోవైపున ఉన్న అయస్కాంతపు మొన ఆ చోట గుర్తు వేస్తుంది. చల్లారిన తరువాత అది చెక్కుచెదరదు. కావాలనుకుంటే మళ్ళీ వేడిచేసి మార్చుకోవచ్చు. 74 నిమిషాల బిళ్ళలో మోనో పద్ధతిలో 148 నిమిషాలు పట్టేవి. రికార్డు చేసిన తరువాత కూడా యంత్రం మీదనే ముక్కలుగా కోయవచ్చు, కలపవచ్చు, దగ్గులూ తుమ్ములూ తీసివేయవచ్చు, ముక్కకొక పేరు పెట్టవచ్చు. క్యాసెట్టుతో కుస్తీ పట్టిన వారికి ఇది ఎంత వరమో వేరే చెప్పనక్కరలేదు.

యోకొహామాలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, 2002లో, అకిహబరాలో పాత యంత్రం ఒకటి కొన్నాను. జపనీసు నేర్చుకోవడానికని నాకు నేను చెప్పుకున్న సాకు. సాయంత్రపు పాఠం మొత్తం రికార్డు చేసి, రాత్రి ఒక్కొక్క వాక్యాన్నీ వేరు ట్రాకుగా కోసి, మర్నాడు రైల్లో అదే వాక్యాన్ని ఇరవైసార్లు వినేవాడిని. పంతులమ్మగారి గొంతు పక్కనే నా గొంతూ ఉండేది. ఆవిడ ఓర్పు ఎంతటిదో అప్పుడు తెలిసివచ్చింది. ఆ తరువాత సాకులు అవసరం లేకపోయాయి. యమనోతె లైనులో చాలా స్టేషన్లకు, రైలు బయలుదేరే ముందు మోగే చిన్న రాగం వేరువేరుగా ఉంటుంది. తకదనొబబ స్టేషనులో 2003 నుంచి ఆస్ట్రోబాయ్ పాట వరుస పెట్టారు. వాటిని పట్టుకోవడానికి ఆదివారాలు తిరిగాను. కొనవలసిన సరుకులు, కచేరీలో మేనేజరు ఒకటికి రెండుసార్లు మార్చి చెప్పిన సంగతులు, నడుస్తుండగా తట్టిన కథ మొదటి వాక్యం, అన్నీ అందులోకే వెళ్ళేవి. ఇంగ్లండు గాయకుడు థామ్ యార్క్ కూడా 1990లలో ఈ బిళ్ళలను పాటల చిత్తుపుస్తకంలా వాడుకున్నాడు. 2019లో అవి బయటికి పొక్కితే రేడియోహెడ్ బృందం తానే ఆ సరుకును, సుమారు 18 గంటలది, విడుదల చేసింది. నా చిత్తుపుస్తకాన్ని ఎవరూ దొంగిలించలేదు.

2003 మే నెలలో సెలవు మీద అవనిగడ్డ దగ్గర మా అమ్మమ్మగారి ఊరు వెళ్ళినప్పుడు యంత్రం వెంట తీసుకువెళ్ళాను. ఆవకాయ రోజులు.

“ఏమిట్రా అది, కుంకుమ భరిణెలా ఉంది?”

“నువ్వు చెప్పేది దీంట్లో పడుతుంది అమ్మమ్మా. ఆవకాయ ఎలా పెట్టాలో చెప్పు.”

“చెప్పడానికేముందీ? కారం, ఆవపిండి, ఉప్పు మూడూ సమానం. ఉప్పు కాస్త వెలితి చెయ్యి. మెంతులు ఇన్ని చాలు.”

“ఇన్ని అంటే ఎన్ని?”

“ఇదిగో, ఇన్ని!”

ఆవిడ గుప్పిట చూపించింది. యంత్రానికి గుప్పిట కనబడదు. ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో ఆ “ఇన్ని” మీద వాదన నడుస్తూనే ఉంది. కానీ ఆ రికార్డింగులో వెనుక మామయ్య కత్తిపీట మీద టెంకతో సహా కాయ కొడుతున్న చప్పుడుంది, వరసగా పన్నెండు దెబ్బలు, మధ్యలో ఒక తిట్టు. ఆ తిట్టును కోసివేయబోయి మానుకున్నాను. ఆ తెరకు తెలుగు రాదు కనుక ట్రాకు పేరును కటకన అక్షరాలలో “అమ్మమ్మ” అని పెట్టాను. మన అక్షరాలు కంప్యూటరు తెర మీద కనబడితేనే పండుగ చేసుకున్న వాళ్ళం, ఆ ముచ్చటా ఆ దిగులూ మీకు తెలియనివి కావు.

ఇప్పుడు ప్రతి జేబులోనూ ఇంతకన్నా మంచి రికార్డరు ఉన్నది కదా అంటారు. ఉన్నది. నా ఫోనులో మూడు వందల పైచిలుకు ముక్కలున్నాయి, తేదీ తప్ప పేరు లేనివి. వాటిలో రెండోసారి విన్నవి పది ఉండవు. బిళ్ళ నిండితే ఇంకొకటి కొనాలి, దానికి చీటీ అంటించాలి, చీటీ మీద చేత్తో ఏదో ఒకటి రాయాలి. ఆ రాసేటప్పుడు ఇది ఉంచుకోదగినదేనా అని ఆలోచించేవాళ్ళం. సౌకర్యం పెరిగి ఆ ఆలోచన పోయింది.

దాని లోపాన్ని కూడా దాచను. పాటలు దొంగిలిస్తారన్న భయంతో, మైకుతో మనం చేసుకున్న రికార్డింగును సైతం నేరుగా కంప్యూటరుకు ఎక్కించే దారి చాలాకాలం పెట్టలేదు. మన అమ్మమ్మ మాటలకు మనమే దొంగలమైనట్టు! 2006లో వచ్చిన ఆఖరి తరం యంత్రంలో గానీ పాత బిళ్ళలకు ఆ వెసులుబాటు రాలేదు. నా పాతదానికి కంప్యూటరు తీగే లేదు. హెడ్‌ఫోను రంధ్రం నుంచి, 74 నిమిషాల బిళ్ళకు 74 నిమిషాలూ కూర్చుని ఎక్కించుకోవాలి. ఇరవైమూడు బిళ్ళలలో పద్నాలుగు అయ్యాయి.

ఇరవైనాలుగవది లెక్కలో లేదు. అదే సెలవులో ఒక రాత్రి తాతయ్య, ఎన్నడూ నోరు విప్పనివాడు, 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి చెప్పాడు. దివిసీమలో వేలమంది పోయిన రాత్రి. గంటకు పైగా చెప్పాడు. నేను ఆపు మీట నొక్కగానే కరెంటు పోయింది. టార్చిలో సెల్లు అయిపోయి ఉంది. రికార్డరులోని పెన్సిల్ సెల్లు ఊడదీసి టార్చిలో వేశాను. అప్పటికి తెర మీద “టీఓసీ ఎడిట్” అని మినుకుమంటూనే ఉంది. ఏది ఎక్కడ ఉన్నదో చెప్పే పట్టికను ఆ యంత్రం ఆఖరున రాస్తుంది. ఆ రెండు మూడు క్షణాలు కూడా ఆగలేకపోయాను. మళ్ళీ సెల్లు పెట్టి చూస్తే బిళ్ళ ఖాళీ అని వచ్చింది. తప్పు పూర్తిగా నాదే. మర్నాడు అడిగితే తాతయ్య, “చెప్పాను గదరా,” అన్నాడు. మళ్ళీ చెప్పలేదు. మరుసటి ఏడు పోయాడు.

నిజానికి మాటలు ఆ బిళ్ళ మీదనే ఉన్నాయి. పట్టికే లేదు. మొదటి నుంచి చివరి దాకా ఒకే ట్రాకు ఉన్న మరొక బిళ్ళ పట్టికను యంత్రం చేత చదివించి, అది గమనించకుండా బిళ్ళలు మార్చి, ఆ పట్టికను దీని మీద రాయించే ఉపాయం ఒకటుంది. చేయి తప్పితే ఉన్నదీ పోవచ్చు. అందుకే ఆ రాత్రే దాని అంచున ఉన్న రక్షణ మీటను జరిపి, మళ్ళీ ఏదీ రికార్డు కాకుండా చేసి, విడిగా దాచాను. వచ్చే వేసవిలో ప్రయత్నిద్దామనుకుంటున్నాను. ముందు పనికిరాని బిళ్ళల మీద నాలుగైదు సార్లు చేసి చూడాలి. కొత్త సెల్లు వేసి.