మనం పెరిగితే శత్రువు కూడా పెరగాలా?



ఈసారి నోటిఫికేషన్ల గురించో స్కాలర్‌షిప్‌ల గురించో కాదు, గేముల గురించి రాస్తున్నాం. "చదువుకోమని పంపితే గేములాడతార్రా" అని తిట్టే అన్నలు కూడా ఒక్కసారి చివరిదాకా చదవండి. తర్వాత తిట్టండి, పడతాం.

మా రూమ్‌లో నలుగురం డబ్బులేసుకుని ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నాం. కొత్త గేములు దాని మీద నడవవు. అందుకని 2006లో బెథెస్డా వాళ్లు తెచ్చిన 'ఎల్డర్ స్క్రోల్స్ 4: ఆబ్లివియన్' వేసుకున్నాం. పెద్ద ప్రపంచం, ఎటైనా పోవచ్చు, ఏదైనా చేయొచ్చు. మాలో ఒక తమ్ముడికి అది తెగ నచ్చింది. నలభై గంటలు ఆడి లెవెల్ 18కి వచ్చాడు. ఒకరోజు దారిలో ఒక దొంగ ఆపి "వంద బంగారు నాణేలు ఇవ్వు, లేదంటే చంపేస్తా" అన్నాడు. వాడి ఒంటి మీద గ్లాస్ కవచం. ఆ గేమ్‌లో అది చాలా ఖరీదైన సరుకు. అమ్ముకుంటే హాయిగా బతకొచ్చు, వీడేమో వంద నాణేల కోసం రోడ్డు మీద నిలబడ్డాడు! మేం నవ్వాం. తమ్ముడు మాత్రం నాలుగుసార్లు వాడి చేతిలో చచ్చి, గేమ్ డిలీట్ చేసి, "మనకి రాదులే అన్నా, ఇవి మనలాంటోళ్ల ఆటలు కావు" అన్నాడు.

ఆ మాట మాకు గుచ్చుకుంది. అందుకే ఈ పోస్టు.

అసలు సంగతేంటంటే, ఆబ్లివియన్‌లో చాలామంది శత్రువులు మన లెవెల్‌ని బట్టి మారతారు. దీన్నే లెవెల్ స్కేలింగ్ అంటారు. మనం చిన్న లెవెల్‌లో ఉంటే దొంగలు మామూలు తోలు కవచాలేసుకుంటారు. మనం పెరిగేకొద్దీ అదే దొంగలకు గ్లాస్ కవచాలొస్తాయి. క్వాచ్ నగరం ముందున్న ద్వారంలోకి మొదట్లోనే పోతే స్కాంప్‌ల లాంటి చిన్న జీవులే ఎదురవుతాయి. లెవెల్ పెంచుకుని పోతే వాటి చోట పెద్ద పెద్దవి వస్తాయి. అంటే కష్టపడి తయారై పోయినవాడికే ఎక్కువ కష్టం.

ఇంకో మెలిక ఉంది. మొదట్లో ఏడు మేజర్ స్కిల్స్ ఎంచుకోవాలి. వాటిలో ఏవైనా కలిపి పది పాయింట్లు పెరిగాక పడుకుంటే లెవెల్ పెరుగుతుంది. తమ్ముడు ఎంచుకున్న వాటిలో పరుగు, దూకుడు, మాట నేర్పు ఉన్నాయి. పరిగెత్తాడు, దూకాడు, ఊళ్లో అందరితో మాట కలిపాడు, లెవెల్ పెరిగింది. కత్తి పట్టడం మాత్రం అంతగా పెరగలేదు. గేమ్ చూసేది లెవెల్ ఒక్కటే కాబట్టి, వీడు గొప్ప యోధుడన్నట్టు దానికి తగ్గ శత్రువుల్ని పంపింది. తమ్ముడి తప్పేం లేదు. వాడి పెరుగుదలని కొలిచిన కొలతే తప్పు.

అలాగని స్కేలింగ్ పూర్తిగా చెడ్డదని మేం అనట్లేదు. ఎటైనా పోవచ్చు అనే గేమ్‌లో ఎవరు ముందు ఎక్కడికి పోతారో తయారుచేసేవాళ్లకు తెలీదు. అన్నీ ముందే బిగించేస్తే ఒక చోట మరీ తేలిక, ఇంకో చోట మరీ కష్టం అవుతుంది. బాగా పెరిగిన ఆటగాడికి బోర్ కూడా కొడుతుంది. ఇది నిజమైన ఇబ్బందే. కానీ దానికి మందు అందరినీ మనతో సమానంగా పెంచేయడం కాదు.

మా ఊళ్లో చిన్నప్పుడు పెద్దోళ్లు ఒక మాట చెప్పేవాళ్లు. "ఆ వాగు దాటి ఒక్కళ్లే పోకండి, ఎలుగుబంటి తిరిగే చోటు." మేం పోలేదు. ఏళ్లు గడిచాక మామయ్యతో కలిసి అదే దారిలో తేనెకి పోయాం. ఎప్పుడు పోవాలో, గాలి ఎటు వీస్తుందో, చప్పుడు ఎంత చేయాలో నేర్చుకుని పోయాం. మేం పెరిగామని ఎలుగుబంటి పెరగలేదు. అది ఎలుగుబంటిలాగే ఉంది. అందుకే మేం పెరిగామని మాకు తెలిసింది.

మంచి గేములు చేసేది సరిగ్గా ఇదే. 2010లో వచ్చిన 'ఫాలౌట్: న్యూ వేగాస్' చూడండి. మొదలైన ఊరి నుంచి వేగాస్‌కి ఉత్తరంగా దగ్గర దారి ఉంటుంది. కానీ ఆ దారిలో రాళ్ల క్వారీ దగ్గర డెత్‌క్లాలు తిరుగుతుంటాయి. అక్కడి కూలీలు ముందే హెచ్చరిస్తారు. వినకపోతే రెండు దెబ్బల్లో అయిపోతాం. చుట్టు తిరిగి పోయి, మంచి తుపాకీ సంపాదించి, వెనక్కొచ్చి వాటిని కొట్టినప్పుడు వచ్చే ఆనందం వేరు. 2002లో వచ్చిన జర్మన్ గేమ్ 'గోథిక్ 2' కూడా అంతే. అడవిలో మొదట మనల్ని తరిమిన జంతువుని తర్వాత మనం తరుముతాం.

బెథెస్డా వాళ్లు కూడా నేర్చుకున్నారు. 2011లో వచ్చిన 'స్కైరిమ్'లో స్కేలింగ్ ఉంది, కానీ చాలా గుహలకు కనీస లెవెల్, గరిష్ఠ లెవెల్ పెట్టారు. అక్కడి రాక్షసుడు లాంటి జెయింట్ ఎప్పుడూ లెవెల్ 32. మొదట్లో పోయి కెలికితే ఒక్క దెబ్బకి ఆకాశంలోకి ఎగిరిపోతాం. పెరిగాక పోతే కింద పడేది వాడే. 'విచర్ 3'లో అయితే శత్రువుల్ని మన స్థాయికి పెంచడాన్ని ఒక ఆప్షన్‌గా ఇచ్చారు. కావాలంటే పెట్టుకో, వద్దంటే తీసేయ్. మాకు ఇది న్యాయంగా అనిపించింది.

మా అభిప్రాయం సూటిగా చెప్తాం. కష్టం ఉండాలి. కష్టం లేని గేమ్ ఎవడికి కావాలి? కానీ కష్టం ఎక్కడుందో ముందే తెలియాలి. దానికి ఒక హద్దు ఉండాలి. నిన్న ఓడిపోయిన చోట రేపు గెలిచే దారి ఉండాలి. యుద్ధం కాకుండా వేరే పని నేర్చుకున్నవాడిని ఆ నేర్చుకున్నందుకే శిక్షించకూడదు. ఇవి లేకపోతే లెవెల్ అనే అంకె పెరుగుతుంది గానీ మనం పెరగం.

ఇక తమ్ముడు అన్న మాట దగ్గరికొద్దాం. "మనకి రాదులే" అనేది మనలో చాలామందిమి లెక్కల క్లాసులో, ఇంగ్లిష్ క్లాసులో, కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటి రోజు అనుకున్న మాటే. ఒక్కోసారి నిజంగానే మన ప్రాక్టీస్ తక్కువై ఉంటుంది, ఒప్పుకుందాం, ఇంకా చేద్దాం. కానీ ఒక్కోసారి కొలత తప్పుగా ఉంటుంది. రెండింటికీ తేడా తెలుసుకోకుండా నేరం మన మీదే వేసుకుని వెళ్లిపోవద్దు.

ఆబ్లివియన్ వచ్చినప్పుడు కొందరు ఆటగాళ్లు అలా వెళ్లిపోలేదు. కూర్చుని 'ఆస్కురోస్ ఆబ్లివియన్ ఓవర్‌హాల్' లాంటి మాడ్లు తయారుచేశారు. కొన్ని చోట్లు ఎప్పుడూ ప్రమాదంగా, కొన్ని ఎప్పుడూ తేలిగ్గా ఉండేలా ఆ ప్రపంచాన్నే మార్చారు. జీతం ఇచ్చి ఎవరూ చేయించలేదు. మన గ్రూపులో కంప్యూటర్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. ఈ పని మనమెందుకు నేర్చుకోకూడదు?

తమ్ముడు గేమ్ మళ్లీ వేశాడు. ఈసారి మేజర్ స్కిల్స్‌లో కత్తి, డాలు పెట్టుకున్నాడు. మొన్న అదే రోడ్డు మీద దొంగ మళ్లీ వంద నాణేలు అడిగాడట. ఏమైందో వాడినే అడగండి, కామెంట్లలో ఉన్నాడు.