పటం వెనుక పిచ్చుక గూడు

ఉగాదికి ఇల్లు దులుపుతూ, దేవుని పటం వెనుక పిచ్చుక గూడు కనబడగానే చీపురు ఎత్తుతున్నారా? ఆగండి. వేటగాని బాణానికి క్రౌంచపక్షి నేలకూలగా వాల్మీకికి కలిగిన శోకమే శ్లోకమైనది. ఆ కథను భక్తితో వినే ఇంట గూడు చెదరగొట్టడం నా దృష్టిలో అపచారమే. గుడ్లు పొదగడానికి సుమారు 12 రోజులు, కూనలు ఎగరడానికి మరో 15 రోజులు, అంతమాత్రం ఓర్వలేమా? మా నాయనమ్మ ఆ నాళ్లలో దూరం నుంచే హారతి ఇచ్చేది, రెట్టలు పడకుండా కింద కాగితం పరిచేది.

చూరుకు వరికంకులు కట్టడం మంచి ఆచారమే. అయితే ఆడ, మగ పిచ్చుకలు రెండూ కూనల నోటికి అందించేవి ముఖ్యంగా పురుగులు. కనుక పెరటి మొక్కలకు అన్నాళ్లూ మందు కొట్టకండి. గూటిని ముట్టక, దూరంగా కూర్చుని చూడండి. కూనలు రెక్కలు విప్పే రోజుల్లో ఆ గదిలో పంకా ఆపి ఉంచండి.