శివరాత్రినాడు శీఘ్రదర్శనమా?

మహాశివరాత్రికి కడపసీమవారు పొలతలకును, లంకమలలోని నిత్యపూజకోనకును తరలుదురు. నంద్యాలవారికి మహానందియు, బనగానపల్లెవారికి యాగంటియు గలవు. అయినను రాయలసీమ కంతకును శివరాత్రి యన్న శ్రీశైలమే. 2022లో జిల్లాలను మార్చి మల్లన్నను కర్నూలునుండి నంద్యాలలో జేర్చిరి గాని, భక్తుని పాదములకు ఆ యెల్లలు తెలియవు. ఆత్మకూరు చెంత వెంకటాపురముకడ అడవి జొచ్చి, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారముల మీదుగా నల్లమల నెక్కివచ్చు కన్నడదేశపు వృద్ధులను, మన మెట్టపల్లెల కాపులను జూచినవారికి వ్రతమన నేమో వేఱుగ జెప్ప నక్కఱలేదు.

ఇట్లు కాళ్లు బొబ్బలెక్కి వచ్చినవానికి కొండమీద వినబడు మాట యేది? శీఘ్రదర్శనము, అతిశీఘ్రదర్శనము! ఇటీవలి సంవత్సరములలో రూకలు చెల్లించినవారి కొక వరుస, మఱింత చెల్లించినవారి కింకొక వరుస ఏర్పడినవి. సిఫారసుజాబు తెచ్చినవారికి వరుసయే లేదు. నాలుగు యామములు మేలుకొని నిరీక్షింపవలసిన రాత్రికి 'అతిశీఘ్ర'మను విశేషణము తగిలించిన పండితు డెవ్వరో గాని, ఆయనకు సంస్కృతము వచ్చును, శివరాత్రి రాదు.

ఈ రాత్రికి మూలమైన కథ యేమి? నేను గొప్ప, నేను గొప్ప యని బ్రహ్మవిష్ణువులు కలహింప, నడుమ జ్యోతిస్తంభము పుట్టెను. ఒకరు అడుగు గానలేదు. వేఱొకరు కొన గానక, మొగలిపూవుచేత దొంగసాక్ష్యము పలికించి పరాభవము పొందిరి. ముందువరుస కొఱకు పెనగులాడిన దేవతలకే గర్వభంగమైన ముహూర్తమును మనము ముందువరుస లమ్ముకొని జరుపుకొనుచున్నాము!

ఆలయమునకు వ్యయము లేదా యని యడుగువారు గలరు. లేకేమి, కలదు. హుండీ యెందుకున్నది? 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు మెట్లు కట్టించెను. ఆ మెట్లను రాజైనను కూలియైనను ఒక్కొక్కటిగనే యెక్కవలెను. ధనవంతుని ధనము దేవునికడ ఉపయోగపడు విధము అది.

ఇంతకును ఆ రాత్రి శ్రీశైలమున అగ్రస్థానము ఎవ్వరిది? చీరాల ప్రాంతపు నేతకానిది. దినమునకు మూర చొప్పున సంవత్సరము పొడుగున నేసిన పాగాను దెచ్చి, అర్ధరాత్రి గుడిదీపము లన్నియు నార్పివేయగా, దిగంబరుడై విమానశిఖరమునుండి నవనందులకు చుట్టును. ఆ చీకటిలో మంత్రి యెవ్వడు, మాలకరి యెవ్వడు? పాగా ముగియువఱకు అందఱును ఊపిరి బిగబట్టి నిలువవలసినదే. 365 మూరల నేతకు అతిశీఘ్రము లేదు.

కావున మేము కోరునది స్వల్పము. శివరాత్రి వేకువనుండి మఱునాటి సూర్యోదయమువఱకు టిక్కెట్ల కిటికీలు మూయబడవలెను. వికలాంగులకు, చంటిబిడ్డల తల్లులకు, నడువలేని వృద్ధులకు దక్క ఎవ్వరికిని వేఱుదారి యుండరాదు. జాబులు చెల్లవని ముందుగనే చాటింపవలెను. అడవిత్రోవ పొడవునను త్రాగునీరు నిలుపవలెను. పఠనమందిరములలో ఈ పుట చదువు వకీళ్లలో, వర్తకులలో, ఉపాధ్యాయులలో శాసనసభ్యునివద్ద జాబు సంపాదింపగలవారు పెక్కురు గలరు. ఈ యేడు ఆ జాబు నడుగక, వెంకటాపురపు త్రోవనే రండని వారిని పిలుచుచున్నాము.